‘ఎలక్ట్రిక్ వారియర్’ ఎల్పీ: మార్క్ బోలన్ మాటకు, దరువుకు ఉన్న పొత్తు

బ్రిటిష్ రాక్ బృందం టీ రెక్స్ 1971 సెప్టెంబరు 24న వెలువరించిన ‘ఎలక్ట్రిక్ వారియర్’ ఎల్పీ గ్రామఫోను రికార్డును కొత్త ముద్రణలో తెప్పించుకొని, అమలాపురంలోని మా ఇంట్లో ఈ వర్షాకాలమంతా వింటూ వచ్చాను. మొత్తం 11 పాటలు. రెండు వైపులూ కలిపి 40 నిమిషాలకు కాస్త తక్కువ. మెరుపు వేషాలతో పాడే గ్లామ్ రాక్ ధోరణికి తొలి పెద్ద ఆల్బమ్‌గా చాలామంది లెక్కించే ఈ రికార్డు గురించి, పాశ్చాత్య సంగీతం వినే నా మిత్రుల్లో ఒక అభిప్రాయం ఎప్పటినుంచో స్థిరపడి ఉంది: దరువు బ్రహ్మాండమని, మాటలకు మాత్రం తలాతోకా ఉండదని. ఇందులో మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోది మాత్రం పాటలు రాసి పాడిన మార్క్ బోలన్‌కు అన్యాయం చేసే మాట అని నా గట్టి నమ్మకం. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా వస్తువు సంగతి చెప్పాలి. అట్ట నల్లటి నలుపు. దాని మీద బంగారు గీతతో వెలిగే ఒక ఆకారం, గిటారు పట్టుకొని పెద్ద యాంప్లిఫయర్ పెట్టెల ముందు నిలుచున్న బోలన్. కీరన్ మర్ఫీ తీసిన ఫొటో ఆధారంగా హిప్నోసిస్ సంస్థ చేసిన రూపకల్పన అది. ముఖం స్పష్టంగా తెలియదు. జుట్టు, భుజం, గిటారు అంచు మాత్రమే కాంతిలో ఉంటాయి. ఫోనులో గోరంత బొమ్మగా చూసినప్పుడు ఈ అట్ట ఏమంత గొప్పగా అనిపించదు కాని, చేతుల్లోకి తీసుకొని దీపం కింద పెడితే ఆ నలుపు ఎంత లోతుగా ఉన్నదో, ఆ బంగారు గీత ఎంత పొదుపుగా గీశారో తెలుస్తుంది. నాకు అమ్మిన ఆన్‌లైన్ దుకాణం పలుచని అట్టపెట్టెలో పెట్టి పంపినందువల్ల ఒక మూల నలిగి వచ్చింది. మూడు వేల రూపాయలకు పైగా తీసుకొనేవారు ఇంతకంటె శ్రద్ధ చూపాలి. అదృష్టవశాత్తు ప్లేటుకు దెబ్బ తగలలేదు. రెండో వైపు మొదట్లో వినిపించిన కొద్దిపాటి చిటపట, మెత్తని బ్రష్‌తో దుమ్ము తీయగానే పోయింది. ముద్రణ నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉంది.

బోలన్ అసలు పేరు మార్క్ ఫెల్డ్. 1947 సెప్టెంబరు 30న లండన్‌లోని హ్యాక్నీలో పుట్టాడు. తండ్రి లారీ డ్రైవరు. తల్లి సోహోలోని బెర్విక్ స్ట్రీట్ బజారులో పళ్ల దుకాణంలో పనిచేసేది. చిన్ననాటి నుంచీ బట్టల మీద మోజు ఎంతటిదంటే, 1962లో ‘టౌన్’ అనే పత్రిక సోకుగా తిరిగే లండన్ కుర్రాళ్ల గురించి రాసినప్పుడు అందులో ఈయన కూడా ఉన్నాడు. 1967లో స్టీవ్ పెరెగ్రిన్ టుక్‌తో కలిసి టిరనోసారస్ రెక్స్ అనే జంటను స్థాపించాడు. ఒకరిది విద్యుత్తు అవసరం లేని గిటారు, మరొకరివి బోంగోలు అనే చిన్న జంట డ్రమ్ములు; నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని పాడే పాటలు. పాటల్లో మాంత్రికులు, వనదేవతలు, ఎన్నడూ లేని రాజ్యాలు. ‘పెరెగ్రిన్ టుక్’ అన్న పేరు కూడా ఇంగ్లీషు రచయిత టోల్కీన్ నవలలోని ఒక పాత్రదే. 1969లో టుక్ స్థానంలోకి మికీ ఫిన్ వచ్చాడు, 1970లో బృందం పేరు టీ రెక్స్‌గా కుదించుకున్నది, బోలన్ ఎలక్ట్రిక్ గిటారు అందుకున్నాడు, ఆ ఏడాదే వచ్చిన ‘రైడ్ ఎ వైట్ స్వాన్’ బ్రిటన్ అమ్మకాల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. 1971లో ‘హాట్ లవ్’ మొదటి స్థానానికి చేరింది. ఆ పాటను టీవీలో పాడినప్పుడు బోలన్ కళ్ల కింద అద్దుకున్న మెరుపుపొడితోనే గ్లామ్ రాక్ పుట్టిందని చెప్పుకుంటారు.

ఈ చరిత్రను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఎలక్ట్రిక్ గిటారు చేతికి వచ్చినప్పుడు బోలన్ తన పాత భాషను పారేయలేదు. మాంత్రికులను, పౌరాణిక సర్పాలను వెంటబెట్టుకొనే వచ్చి, వాటిని 1950ల నాటి అమెరికన్ రాక్ అండ్ రోల్ దరువు మీద కూర్చోబెట్టాడు. ఈ రెండు లోకాలు కలిసిన చోటే ‘ఎలక్ట్రిక్ వారియర్’ పాటలు పుట్టాయి. ఒక్కొక్క లోకాన్ని విడదీసి చూస్తే రెండూ పాతవే. కలయిక మాత్రం అంతకు ముందు ఎవరూ చేయనిది.

సంగీతపు అప్పుల విషయంలో ఆయన దాపరికం లేని మనిషి. ‘గెట్ ఇట్ ఆన్’ పాట అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ ‘లిటిల్ క్వీనీ’కి నేరుగా వారసురాలు, పాట చివర ధ్వని సన్నగిల్లుతుండగా ఆ పాత పాటలోని ఒక పంక్తిని బోలన్ గొణుగుతాడు కూడా. విల్లీ డిక్సన్ రాయగా బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాడిన ‘యూ విల్ బీ మైన్’ వినివస్తే ‘జీప్‌స్టర్’ నడక ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ‘మోనోలిత్’ కింద ఉన్న స్వరాల వరుస, జీన్ చాండ్లర్ పాడిన ‘డ్యూక్ ఆఫ్ ఎర్ల్’ది. ‘లీన్ వుమన్ బ్లూస్’ పేరులోనే తన వంశం, అమెరికా నల్లవారి బ్లూస్ పాటల వంశం, చెప్పుకుంటుంది. వీటిని దొంగతనాలుగా లెక్కవేసేవారు ఉన్నారు. వారితో ఏకీభవించలేను, ఎందుకంటే మూలాన్ని, బోలన్ పాటను పక్కపక్కన పెట్టి విన్నప్పుడు, తీసుకున్నది ఏమిటో స్పష్టంగా వినబడినట్లే, మార్చినది ఏమిటో కూడా అంతే స్పష్టంగా వినబడుతుంది. హౌలిన్ వుల్ఫ్ గొంతు గర్జించే చోట బోలన్ గొంతు గుసగుసలాడుతుంది, కొంచెం వణుకుతుంది. ఆ గుసగుస వల్ల బ్లూస్‌లోని మగతనపు దర్పం కరిగిపోయి, దాని స్థానంలో ఆడా మగా అని తేల్చి చెప్పలేని ఒక కవ్వింపు వస్తుంది. గ్లామ్ రాక్ అంటే బట్టలు, మెరుపులు మాత్రమే కావనీ, అది ముందుగా గొంతులో జరిగిన మార్పనీ ఈ రికార్డు వింటే తెలుస్తుంది.

ఇక మాటలు. ‘గెట్ ఇట్ ఆన్’లో బోలన్ తన ప్రియురాలిని వర్ణిస్తూ హబ్‌క్యాపు, వజ్రం, నక్షత్రం, తలచుట్టూ ఉండే కాంతివలయం అనే నాలుగు నామవాచకాలను మధ్యలో ఏ క్రియా లేకుండా వరుసగా గుచ్చేస్తాడు. అర్థం చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. కాని ఆ వరుసను గమనించండి. హబ్‌క్యాపు కారు చక్రానికి బిగించే లోహపు మూత, రోడ్డు మీద బురదలో తిరిగేది. అక్కడి నుంచి వజ్రానికి, వజ్రం నుంచి ఆకాశంలోని నక్షత్రానికి, నక్షత్రం నుంచి దేవతల శిరస్సు చుట్టూ ఉండే వెలుగుకు మాట ఎక్కుతూ పోతుంది. నాలుగూ మెరిసేవే. మొదటిదీ చివరిదీ గుండ్రనివి. బురద నుంచి దైవత్వం దాకా నాలుగు మాటల్లో ఎక్కించిన కవి, మాటలు తోచినట్టు చల్లేశాడని అనడం ఎలా? ప్రబంధాల్లోని దీర్ఘసమాసాలకు అలవాటు పడిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పదాల నడుమ ఉన్న సంబంధాన్ని కవి చెప్పకుండా వదిలేస్తే, దాన్ని పూరించుకోవడంలోని ఆనందం మనకు తెలిసినదే. అదే పాటలో గ్రీకు పురాణాల్లోని హైడ్రా అనే బహుశిరస్సుల సర్పం దంతాలు కూడా వస్తాయి. చక్ బెర్రీ దరువు మీద గ్రీకు సర్పం! టిరనోసారస్ రెక్స్ నాటి భాష ఎక్కడికీ పోలేదనడానికి ఇంతకంటె రుజువు అక్కర్లేదు.

‘మాంబో సన్’ మరో ఉదాహరణ. రికార్డు ఈ పాటతోనే మొదలవుతుంది, గొంతు చెవి పక్కన కూర్చొని పాడుతున్నంత దగ్గరగా వినిపిస్తుంది. నిన్ను చేరుకోలేకపోతే నా బతుకు నీడ లేని గుర్రం అంటాడు ఒక చోట. నీకోసం డాక్టర్ స్ట్రేంజ్‌ని అవుతానంటాడు మరో చోట. రెండోది మార్వెల్ కామిక్స్ పుస్తకాల్లోని మాంత్రికుడి పేరు. మొదటిది మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు. నీడ లేని గుర్రం అనే ఊహ ఒక్కసారి మనసులో పడితే వదలదు. ఎండలో నిలబడి కూడా నేలకు అంటని ప్రాణి, ఉన్నా లేనట్టే ఉన్న ప్రాణి. విరహాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన పంక్తులు రాక్ సంగీతంలో అరుదు. ‘జీప్‌స్టర్’లో విశ్వం మొత్తం నీ జుట్టులో ఒరిగి పడుకున్నదని చెప్పినదీ ఈ కోవలోదే.

అర్థం చేతికి చిక్కకుండా మాట ఎలా రంజింపజేస్తుందని అడిగే మిత్రులకు నేను మన గోదావరి జిల్లాల పద్యనాటకాన్నే గుర్తుచేస్తాను. పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వేంకట కవులిద్దరూ ఈ ప్రాంతం వారే. ఒకరిది భీమవరం దగ్గరి యండగండి, మరొకరిది కడియం. ఆ పద్యాలను తీర్థాల్లో వేదిక మీద పాడేటప్పుడు, పద్యం చివరి పాదం పూర్తయ్యాక నటుడు తీసే రాగానికి జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేస్తారు. ఆ రాగంలో మాట లేదు, అర్థం లేదు. కాని పద్యంలోని అర్థమంతా దానిలోనే పండుతుందని అక్కడ కూర్చున్న ప్రతివారికీ తెలుసు. శబ్దం తనంత తానే భావాన్ని మోయగలదన్న సంగతిని రాత్రుళ్లు మేలుకొని ఆస్వాదించిన ప్రాంతం మనది. అర్దళం పూసుకొని, తళుకుల కిరీటం పెట్టుకొని మగవాడు సత్యభామగా నిలబడితే చప్పట్లు కొట్టిన ప్రాంతం కూడా. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలకే పేరుపొంది 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. అందుచేత బోలన్ మెరుపుపొడిని, ఆయన పంక్తుల్లోని శబ్దమోహాన్ని పరాయి వింతగా చూడవలసిన అవసరం మనకు లేదు.

ఈ రికార్డులో నేను అన్నిటికంటె ఎక్కువగా విన్నది మొదటి వైపు రెండో పాట, ‘కాస్మిక్ డాన్సర్’. దీన్ని కొంత వివరంగా చెప్పాలి. తాను పన్నెండేళ్లప్పుడు నాట్యమాడుతున్నానని పాట మొదలవుతుంది. తరవాత తల్లి గర్భంలోంచే నాట్యమాడుతూ బయటికి వచ్చానన్న దాకా వెనక్కి పోతుంది, అక్కడి నుంచి ఎనిమిదేళ్లకు వస్తుంది. చివరికి సమాధిలోకి కూడా నాట్యమాడుతూనే వెళ్లాను అంటుంది. ఇందులో ఉన్నవన్నీ చిన్న పిల్లలకు తెలిసిన మాటలే. కామిక్స్ మాంత్రికులు లేరు, హైడ్రాలు లేవు. ఇంత చిన్న వయసులో నాట్యమాడటం వింత కాదా అని తనను తానే అడుగుతాడు, జవాబు చెప్పడు. గర్భానికి, సమాధికి ఇంగ్లీషులో ప్రాస కుదరడం పాత సంగతే, ఎందరో కవులు వాడుకున్నారు. కాని ఆ రెంటి మధ్య నడిచే క్రియ ఏడుపో, ప్రయాణమో కాకుండా నాట్యం కావడం బోలన్ చేసిన పని. బతుకు మొత్తాన్ని ఒకే చర్యగా చూసిన ఈ చూపు, శివుడి తాండవం తెలిసినవాళ్లకు తప్పకుండా తగులుతుంది. ఆయన దాన్ని ఉద్దేశించాడని నేను అనను. పాట అక్కడిదాకా వెళ్లగలదని మాత్రమే అంటున్నాను.

దీని వాద్యకూర్పు కూడా మాటంత నిరాడంబరంగానే మొదలవుతుంది. ముందు గిటారు ఒక్కటే. తరవాత బిల్ లెజెండ్ డ్రమ్స్ నింపాదిగా వచ్చి చేరతాయి. ఆ మీదట నిర్మాత టోనీ విస్కొంటి సమకూర్చిన వయొలిన్ల గుంపు నెమ్మదిగా కమ్ముకుంటుంది. చిన్న స్పీకర్ల ఫోనులో ఈ వయొలిన్లు గొంతు వెనక పొగలా కలిసిపోతాయి. ఎల్పీ మీద మాత్రం సెల్లోల బొంగురుదనం, దాని పైన వయొలిన్ల సన్నదనం వేరువేరు అంతస్తుల్లో నిలబడ్డాయి; డ్రమ్ము దెబ్బ పడ్డాక గదిలో మిగిలే చిన్న గాలి కూడా తెలుస్తుంది. మాటలు అయిపోయాక గిటారు మూలుగుతూ వయొలిన్లతో పెనవేసుకొనే చివరి నిమిషం కోసమే ఈ రికార్డు కొన్నా తప్పులేదు.

విస్కొంటి పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను: ఆయన టిరనోసారస్ రెక్స్ రోజుల నుంచీ బోలన్‌తో ఉన్నవాడు, అదే కాలంలో మరో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ రికార్డులు కూడా చేసినవాడు. ఈ ఆల్బమ్‌లో ఆయన వాద్యాలను కిక్కిరిసేలా పేర్చలేదు. స్టీవ్ కరీ బేస్ గిటారు, లెజెండ్ డ్రమ్స్, ఫిన్ కాంగోలు దరువు మోస్తుంటే, వెనక నుంచి హోవర్డ్ కేలన్, మార్క్ వోల్మన్ అనే ఇద్దరు అమెరికన్ గాయకులు సన్నటి గొంతులతో తాళం పట్టినట్టు పాడతారు. ‘గెట్ ఇట్ ఆన్’లో పియానో మెట్ల మీద చేయి జారవిడిచినది రిక్ వేక్‌మన్. ‘రిప్ ఆఫ్’ చివర ఇయన్ మెక్‌డొనాల్డ్ శాక్సొఫోన్ అదుపు తప్పినట్టు అరుస్తుంది. ఎవరూ అతిగా వాయించలేదు.

లోపాలూ ఉన్నాయి. ‘ద మోటివేటర్’ వింటుంటే ‘గెట్ ఇట్ ఆన్’ను మరోసారి, కొంత తక్కువ ఉత్సాహంతో వాయించినట్లుంటుంది, మాటల్లోనూ ప్రేయసి టోపీ, బట్టలు వరుసగా చెప్పుకుపోవడమే తప్ప పైకెక్కే మెట్లు లేవు. ‘లీన్ వుమన్ బ్లూస్’ సరదాగా సాగుతుంది కాని, బ్లూస్ మీద బోలన్ కొత్తగా చెప్పినది అందులో ఏమీ లేదు. ఇంకా ముఖ్యమైన అభ్యంతరం ఒకటి ఉంది. ‘జీప్‌స్టర్’లోనూ, ‘గెట్ ఇట్ ఆన్’లోనూ స్త్రీని పదే పదే కారుతో పోల్చడం మొదట హుషారుగా అనిపించినా, వరుసగా వింటే విసుగు పుట్టిస్తుంది, ఆమె మెరుస్తుంది, పరుగెత్తుతుంది, మాట్లాడదు. ఇన్ని కార్లను పాడిన బోలన్ డ్రైవింగ్ నేర్చుకోనే లేదు. 1977 సెప్టెంబరు 16న, ముప్పై ఏళ్లు నిండడానికి రెండు వారాల ముందు, లండన్‌లోని బార్న్స్ దగ్గర ఆయన సహచరి గ్లోరియా జోన్స్ నడుపుతున్న కారు చెట్టును ఢీకొని ఆయన చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక ఆ పోలికలను పాత హుషారుతో వినడం నాకు సాధ్యపడటం లేదు. అది పాటల దోషం కాదు.

ఆ లోపాన్ని సరిదిద్దేవి రెండో వైపున్న రెండు మెల్లని పాటలు. ‘గర్ల్’లో ఆయన దేవుణ్ణి పిలిచి మాకోసం నిజంగా రమ్మంటాడు, గిటారు, గొంతు, వాటి మధ్య బర్ట్ కాలిన్స్ ఊదిన ఫ్లూగెల్‌హార్న్ అనే ట్రంపెట్ లాంటి బూర, అంతే. ‘లైఫ్స్ ఎ గ్యాస్’ మరింత చిన్నది. నిన్ను ఒక గ్రహంలా ప్రేమించి ఉండేవాణ్ణి, నీ గుండెను ఒక తారకు గొలుసుతో కట్టి ఉండేవాణ్ణి అని మొదలుపెట్టి, అయినా అది పెద్ద విషయమేమీ కాదని తేల్చేస్తాడు. జరగని ప్రేమను గురించిన ఈ పాటలో నిట్టూర్పు ఉన్నది, ఏడుపు లేదు. గ్రహాలు, తారలు ఇక్కడ అలంకారం కోసం రాలేదు; చేయలేకపోయినదాని కొలత చెప్పడానికి వచ్చాయి. బోలన్ మాటల్లో పస లేదనేవారికి ముందుగా వినిపించవలసిన పాట ఇదే.

మన డెల్టాలో ఉండి ఎల్పీలు కొనేవారికి ఒక సూచన. ఆషాఢం నుంచి కార్తికం దాకా ఇక్కడి గాలిలో ఉండే తేమకు నల్లని అట్టల మీద తెల్లటి బూజు తొందరగా పడుతుంది, లోపలి కాగితం కవరు ప్లేటుకు అంటుకొనే ప్రమాదమూ ఉంది. ఈ అట్ట పూర్తిగా నలుపు కావడం వల్ల చిన్న మరక కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు వేసి, లోపలి కాగితం కవరు తీసేసి నునుపైన కవరు పెట్టి, ప్లేట్లను నిటారుగా, కాలువ వైపు కిటికీకి, బయటి గోడకు దూరంగా ఉంచాలి. బీరువాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు పడేస్తే మంచిది. నా ప్రతికి ఇంతవరకు బూజు చేరలేదు.

రికార్డు ప్లేయరు ఉన్నవారికి, పాత రాక్ అండ్ రోల్ మీద ఇష్టం ఉన్నవారికి, పాట మాటను శ్రద్ధగా వినే అలవాటున్నవారికి ఇది నిస్సందేహంగా కొనదగిన రికార్డు. ప్లేయరు లేనివారు దీనికోసమే కొత్తగా కొనవలసిన పనిలేదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకొని సీడీ విన్నా వయొలిన్లు విడివిడిగా వినబడతాయి. నచ్చినవారు తరవాత 1972లో వచ్చిన ‘ద స్లైడర్’ తెచ్చుకోవాలి. బృందమూ నిర్మాతా వారే, మాటల చమత్కారం అక్కడ ఇంకా పెరిగింది, అయితే దరువు బరువెక్కింది. ‘కాస్మిక్ డాన్సర్’లోని తేలికదనం కోసం వెతికేవారు మాత్రం ‘ఎలక్ట్రిక్ వారియర్’నే ముందు కొనాలి.